షోకేసులో ఇత్తడి నెమలి, దేవుడి గూట్లో స్టీలు దీపం

మీ ఇంట్లో అటక మీద పాత ఇత్తడి సామాను ఉందా? ఒకసారి దించి చూడండి. బిందెలు, చెంబులు, గంగాళాల సంగతి కాదు నేను చెప్పేది. ఒళ్ళంతా సన్నని దారం చుట్టినట్టు గీతలుండి, రెండు పక్కలూ ఒక్కతీరుగా లేకుండా, సందుల్లో నల్లబడిన దీపమో, ఎద్దు మెడ గంటో, ఏనుగు బొమ్మో కనిపిస్తే మాత్రం దాన్ని పాత సామాను కొనేవాడి తక్కెట్లో వేయకండి. అది ఓజాల చేతిపని కావచ్చు. మా ఆదిలాబాద్ వైపు ఇలాంటివి తూకానికి పోయినవి పోగా, మిగిలినవి పట్నాల్లో షోకేసుల్లోకి చేరుతున్నాయి. తూకానికి వేయడం తప్పని అందరం ఒప్పుకుంటాం. షోకేసు సంగతే కాస్త ఆలోచించాలి.

మా ఇచ్చోడ నుంచి ఉట్నూరు మీదుగా జైనూరు వైపు వెళితే ఉషేగాం అనే ఊరుంది. కెరమెరి మండలంలో కేస్లాగూడ ఉంది. ఈ పనికి పేరుపడ్డ ఊళ్ళు ఇవి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు రెండూ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వెళ్ళాయి గానీ, పనికి పేరు మాత్రం ఆదిలాబాద్ డోక్రా అనే నిలిచింది. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరు మీదే వచ్చింది. ఓజాలు తరతరాలుగా గోండుల కోసం పనిచేసినవాళ్ళు. దేవుళ్ళకు గంటలు, దీపాలు, ఆడవాళ్ళకు నగలు, అన్నీ వాళ్ళ కొలిమి నుంచి వచ్చినవే. అంటే ఇవి మొదటి నుంచీ వాడకానికి చేసినవన్నమాట, అలంకారానికి కాదు.

ఎలా చేస్తారో తెలిస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ముందు మెత్తటి మట్టిలో ఊకో, పేడో కలిపి పిసికి, చేయబోయే వస్తువు ఆకారంలో ముద్ద చేసి ఎండబెడతారు. లోపల బోలుగా ఉండాల్సిన జాగా ఈ మట్టిదే. తర్వాత తేనెమైనంలో గుగ్గిలం లాంటి బంక కలిపి కరిగించి, చల్లారనిచ్చి, సన్నని దారాలుగా తీస్తారు. మనం జంతికలు వత్తుకున్నట్టే అనుకోండి, కాకపోతే మరీ సన్నగా. ఆ మైనపు దారాన్ని మట్టి బొమ్మ చుట్టూ పక్కపక్కనే, సందు లేకుండా చుడతారు. కన్ను, ముక్కు, నెమలి పింఛం, గంట మీది చుక్కలు అన్నీ మైనంతోనే. ఇంత ఓపిక పనికి ఇంటిల్లిపాదీ చేయి వేయాల్సిందే.

మైనం పని అయ్యాక దాని మీద మళ్ళీ మెత్తటి మట్టి పూస్తారు. మొదటి పూత ఎంత నున్నగా ఉంటే గీతలు అంత చక్కగా దిగుతాయి. ఆ పైన గట్టి మట్టి. ఒకచోట రంధ్రం వదిలి, ఎండిన తర్వాత నిప్పుల్లో కాలుస్తారు. లోపలి మైనం కరిగి పోతుంది, ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పై మట్టిని పగలగొడితే, మైనం ఎలా ఉందో అచ్చం అలాగే ఇత్తడి బయటికి వస్తుంది. ఎక్కడన్నా గాలి బుడగ నిలిచినా, ఇత్తడి చాలకపోయినా అన్ని రోజుల కష్టమూ వృథా.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అచ్చు పగిలిపోతుంది. మైనమూ పోతుంది. కాబట్టి ఒక దీపంలాంటిది ఇంకోటి ఉండదు. జత దీపాలు కొన్నా కవల పిల్లల్లాగా ఎక్కడో ఒకచోట తేడా కనబడుతుంది. మొహెంజొదారోలో దొరికిన నాట్యగత్తె బొమ్మ కూడా ఈ మైనపు పోతతో చేసిందే. నాలుగు వేల ఏళ్ళు దాటిన ఆ బొమ్మ జానెడు కూడా ఉండదు, ఢిల్లీలో నేషనల్ మ్యూజియంలో ఉంది. అన్నట్టు, పోసే ఇత్తడి చాలావరకు పాత సామాను కరిగించినదే. మీరు తూకానికి వేసిన చెంబు ఏనుగై తిరిగి రావచ్చు! చెంబు ఏనుగైతే సంతోషమే గానీ, పాత డోక్రా గంట కరిగి నల్లా పంపు అయితేనే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక మా ఇంటి తగువు. మా మామయ్య కాలం నాటి ఎడ్ల గంటలు రెండున్నాయి మాకు. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి, గంటలు మిగిలాయి. హైదరాబాద్ లో ఉండే మా ఆడబిడ్డ, "వదినె, వాడితే పనితనమంతా అరిగిపోతది, నాకియ్యి, అద్దాల బీరువాలో పెడితే నూరేళ్ళుంటయి" అంటుంది. మా అత్తమ్మ ఒప్పుకోదు. "మోగని గంట గంటెట్లయితదే?" అని ఆమె వాదన. పొలాల అమావాస్య వస్తే పక్కింటివాళ్ళ ఎడ్లకు మా గంటలే కట్టించి, సాయంత్రం తుడిచి మళ్ళీ మేకుకు తగిలిస్తుంది.

నేను మా అత్తమ్మ వైపే. కానీ ఆడబిడ్డ మాటలోనూ నిజం ఉంది. ఒకటే ఒక్కటున్న వస్తువు అరిగితే మళ్ళీ రాదు కదా.

ఈ తగువు మన ఇళ్ళల్లోనే కాదు, దేశాలు దాటి కూడా ఉంది. మన దగ్గర చేపలకు గాలం వేస్తే ఎర్ర గుచ్చుతారు. అమెరికాలో ఎర్రకు బదులు చెక్కతోనో, లోహంతోనో చేసిన ఉత్తుత్తి చేపల్ని, కప్పల్ని కడతారు. 1890ల్లో మిషిగన్ రాష్ట్రంలో జేమ్స్ హెడ్డన్ అనే ఆయన చేత్తో చెక్క కప్పలు చెక్కాడు, తర్వాత ఆయన కుటుంబం వాటి వ్యాపారమే పెట్టింది. గాజు కళ్ళు పెట్టిన పాత చెక్క చేపలంటే సేకరించేవాళ్ళు ఎగబడతారట. 1859లో పేటెంటు పొందిన రైలీ హాస్కెల్ రాగి చేపల్లో ఒకటి 2003లో వేలానికి వస్తే లక్ష డాలర్ల పైన పలికింది. అలాంటిదాన్ని ఎవరు నీళ్ళల్లో వేస్తారు చెప్పండి? రంగు పగులుతుంది, ముల్లు తుప్పు పడుతుంది, పెద్ద చేప పడితే తెంపుకుని పోతుంది కూడా. వేయకపోతే మాత్రం అది చేపను పట్టేదెప్పుడు?

అయితే వాళ్ళ చేపకు, మన గంటకు ఒక తేడా ఉంది. ఆ హాస్కెల్ ఎప్పుడో పోయాడు. మన ఓజాలు ఉన్నారు. మనం పాతదాన్నే పట్టుకుని మురుస్తూ, దేవుడి గూట్లో మాత్రం స్టీలు దీపం వెలిగిస్తే వాళ్ళ కొలిమి ఆరిపోతుంది. షోకేసు బొమ్మ జన్మకొకటి కొంటాం. దీపం, గంట, అగరొత్తుల స్టాండు అయితే పెళ్ళికో, గృహప్రవేశానికో కొంటూనే ఉంటాం. అందుకని నా లెక్క ఇది: పెద్దలనాటి ఒంటి వస్తువు ఉంటే పండగలకు పబ్బాలకు తీయండి, రోజువారీకి కొత్తది కొనండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గోండుల పెర్సాపేన్ పూజకు సంబంధించిన పాత గంటల్లాంటివి ఎవరైనా అమ్మకానికి తెస్తే, ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి. అవి ఒకరి ఇంటి దేవుడివి. మన గూట్లో దేవుణ్ణి ఎవరైనా కొనుక్కుపోయి టీవీ పక్కన పెడితే మనకెలా ఉంటుంది? కేస్లాపూర్ నాగోబా కోసం మెస్రం వంశం వాళ్ళు ఏటా కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు ఝరిలో తెస్తారు. ఆ ఝరి విలువంతా ఆ నీళ్ళు మోయడంలోనే ఉంది.

ఇప్పుడు వాడకం సంగతి. డోక్రా గిన్నెల్లో వండకండి, తినేవి నిల్వ చేయకండి. ఏయే పాత సామాను కరిగించారో తెలియదు, అందులో సీసం కూడా ఉండొచ్చు. మామూలు ఇత్తడి బగోనల్లో వండేవాళ్ళు కూడా కళాయి పోతే పులుసు, పెరుగు పెట్టొద్దు, చిలుము ఎక్కుతుంది. దీపాలకు, గంటలకు ఆ భయం లేదు.

పాత డోక్రాను చింతపండుతో, పొడులతో తళతళా తోమాలని చూడకండి. గీతల సందుల్లో నలుపు ఉంటేనే పనితనం కంటికి కనబడుతుంది. పైగా చింతపండు తడి ఆ సందుల్లో నిలిచి పచ్చగా చిలుము కడుతుంది. మెత్తటి పాత టూత్ బ్రష్ తో పొడిగా దులిపి, నూలు గుడ్డతో రుద్దితే చాలు. దీపం జిడ్డు పట్టితే గోరువెచ్చని నీళ్ళల్లో కాస్త సబ్బు కలిపి కడిగి, వెంటనే తుడిచి ఎండలో పెట్టండి.

కొత్త దీపం కొన్నప్పుడు ప్రమిద నిండా నీళ్ళు పోసి, కింద కాగితం పరిచి రాత్రంతా వదిలేయండి. పోతలో కంటికి కనబడని రంధ్రాలుంటే పొద్దున్నకల్లా కాగితం తడుస్తుంది. అలాంటిది తిరిగి ఇస్తే, రంధ్రం పూడ్చి ఇమ్మని అడగొచ్చు. రెండు పక్కలూ ఒక్కతీరుగా లేవని మాత్రం బేరం ఆడకండి, ఆ వంకర చూసే అది అచ్చు మిషన్ ది కాదని గుర్తుపడతాం.