తెర ఒకటి, పెట్టెలు అనేకం

అమెరికాలోని మన ఇండ్లలో టెలివిజన్ తెర ఒకటే అయినా, దానికి దృశ్యాలను అందించే పెట్టెలు అనేకం. కేబుల్ పెట్టె ఒకటి, డిస్క్ ప్లేయర్ ఒకటి, ఇంటర్‌నెట్ ద్వారా తెలుగు ఛానెళ్ళను తెచ్చే పెట్టె మరొకటి, పిల్లల ఆటల యంత్రం ఇంకొకటి. వీటిలో దేని దృశ్యం తెరపైకి రావాలో నిర్ణయించడమే ‘ఇన్‌పుట్’ మార్చడం. ఇది స్వల్ప విషయంగా తోచవచ్చు. కాని ఇంటివారు ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్ళిన పిదప, స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులకు పగటివేళ వినిపించే తెలుగు మాట తరచు ఆ తెర నుండి వచ్చేదే. పొరపాటున ఒక మీట నొక్కి ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు ప్రత్యక్షమైతే, సాయంకాలం ఎవరైనా ఇల్లు చేరేవరకు ఆ మాట కూడా కరువే.

1980, 90 దశకాలలో ఈ సమస్య వేరొక రూపంలో ఉండేది. ఆనాడు అమెరికాలో వి.సి.ఆర్. దృశ్యం సాధారణంగా యాంటెనా తీగ ద్వారా 3వ లేదా 4వ ఛానెల్‌పై వచ్చేది. మనవారికి మరొక చిక్కు కూడా ఉండేది. అమెరికా వారి ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో 525 గీతలు, సెకనుకు సుమారు 30 చిత్రాలు; భారతదేశపు పాల్ పద్ధతిలో 625 గీతలు, 25 చిత్రాలు. ఇండియా నుండి తెచ్చిన పెళ్ళి క్యాసెట్ చూడాలంటే, పద్ధతిని మార్చి చూపగల మరొక వి.సి.ఆర్. కావలసివచ్చేది. పెట్టెలతోపాటు రిమోట్లూ పెరిగాయి.

అదే కాలంలో ఐరోపాలో వాడిన స్కార్ట్ తీగకు 21 కొనలు. ప్లేయర్ పని ప్రారంభించగానే 8వ కొనకు విద్యుత్ సంకేతం పంపేది. దానిని గ్రహించి టి.వి. తానే ఆ ప్లేయర్ వైపుకు మారేది. అమెరికాలో ఆ తీగ వాడుకలోకి రాలేదు.

ఈ లోటును తీర్చగల సాధనం 2002లో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. దాని 19 కొనలలో 13వది యంత్రాల పరస్పర సంభాషణకు ప్రత్యేకించినది. దీనినే సి.ఇ.సి. అంటారు. టి.వి. వెనుకనున్న ప్రతి హెచ్.డి.ఎం.ఐ. రంధ్రానికీ ఒక చిరునామా ఉంటుంది; రెండవదానికి 2.0.0.0. పెట్టెను మేలుకొలపగానే అది ‘ఇప్పుడు దృశ్యం నాది, నా చిరునామా ఇది’ అన్న అర్థంలో సందేశం పంపుతుంది. టి.వి. వెలిగి అటు మారుతుంది.

మరి ఇది అన్ని ఇండ్లలోనూ ఎందుకు పనిచేయడం లేదు? సి.ఇ.సి. తయారీదారుల ఇష్టానికి వదిలిన సౌకర్యం. పైగా ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు పెట్టారు: శాంసంగ్ వారిది ‘ఎనీనెట్ ప్లస్’, ఎల్.జి. వారిది ‘సింప్‌లింక్’, సోనీ వారిది ‘బ్రావియా సింక్’. పేరు తెలియక, ఆపివేసి ఉన్నదానిని ఆన్ చేయనివారు ఎందరో.

కనుక టి.వి. సెట్టింగ్స్‌లోనూ, తెలుగు ఛానెళ్ళ పెట్టెలోనూ ఈ సౌకర్యాన్ని ఆన్ చేయండి. పిదప టి.వి.ని కావాలనే వేరే ఇన్‌పుట్‌కు మార్చి, పెట్టె రిమోట్‌పై ‘హోమ్’ మీట నొక్కి చూడండి. దృశ్యం తిరిగి వస్తే పరీక్ష నెగ్గినట్లే. వేరే పెట్టె ఏదైనా తనంతట తాను మేల్కొని తెరను ఆక్రమిస్తుంటే, దానిలో మాత్రం సి.ఇ.సి.ని ఆపివేయండి. మిగిలిన రిమోట్లను సొరుగులో ఉంచి, పెద్దలకు ఆ ఒక్క రిమోట్‌నే ఇచ్చి, ‘తెర పోతే ఇది నొక్కండి’ అని తెలుగులో వ్రాసిన చీటీని ఆ మీట ప్రక్కన అంటించండి.