పాత ఇల్లు అడిగేది తక్కువే

ఒక ఇంటికి నూరేళ్లు నిండాయంటే అది నూరు వానాకాలాలను తట్టుకున్నదని అర్థం. కోల్‌కతాలో అది చిన్న విషయం కాదు. ఆ నగరంలో ఏటా సగటున 1,600 మిల్లీమీటర్లకు మించి వర్షం కురుస్తుంది. అడుగున ఉన్నది గంగానది తెచ్చిపోసిన మెత్తని ఒండ్రుమట్టి. గాలిలో ఎప్పుడూ తేమ. అయినప్పటికీ బాగ్‌బజార్, శ్యామ్‌బజార్, జోరాసాంకో, భవానీపూర్ వీధులలో ఆకుపచ్చ కిటికీ రెక్కలతో, ఎర్రని గచ్చు నేలలతో, వీధివైపు అరుగులతో పాత ఇళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం జమీందారుల మహళ్లు కావు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్లు, చిన్న వర్తకులు కట్టించుకున్నవి. వాటిని కట్టిన మేస్త్రీల పేర్లు ఎవరికీ తెలియవు.

2015లో రచయిత అమిత్ చౌధురి ఈ సామాన్య గృహాలను కాపాడవలసిందని ఒక ఉద్యమమే ప్రారంభించారు. నగరపు అసలు ముఖం రాజభవనాలలో కాదు, ఈ ఇళ్లలోనే ఉన్నదని ఆయన వాదన. వాదన సబబైనదే. కాని నెలజీతంపై బ్రతికే గృహస్థుని ప్రశ్న వేరు: “ఇల్లు అందమైనదే, నిజమే. దానిని బాగుచేయించే డబ్బు ఎక్కడిది?”

ఈ ప్రశ్నకు సమాధానం ఉన్నది. పాత ఇల్లు మనం భయపడినంత డబ్బు అడగదు. అది అడిగేది సరియైన క్రమం, సరియైన పదార్థం, కొంత ఓపిక. ఈ మూడూ లోపించినప్పుడే ఖర్చు కొండంత అవుతుంది.

ఇల్లు ఎందుకు పాడవుతుంది?

మొదటి కారణం ఇటుకలో లేదు, ఇంటివారిలో ఉన్నది. ఆంధ్రదేశంలో ఆస్తి పంపకానికి సంప్రదాయంగా మితాక్షర న్యాయం వర్తిస్తే, బెంగాల్‌లో జీమూతవాహనుని దాయభాగం వర్తించింది. దాని ప్రకారం తండ్రి కాలం చేసిన తరువాత ఒక్కొక్క కుమారునికి నిర్ణీతమైన వాటా సంక్రమిస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తరువాత కుమార్తెలకూ వాటా వచ్చింది. మూడు తరాలు గడిచేసరికి ఒకే ఇంటికి పదిమంది, పదిహేనుమంది హక్కుదారులు. ఎవరి గది వారు శుభ్రంగా ఉంచుకుంటారు. డాబా మాత్రం అందరిదీ. అందరిదీ అయినది ఎవరిదీ కాదు. వాన నీరు సరిగ్గా అక్కడినుంచే ఇంట్లోకి దిగుతుంది.

పాత అద్దెలే దశాబ్దాల తరబడి కొనసాగిన ఇళ్లలో వచ్చే అద్దె ఒక వేసవి మరమ్మతుకైనా చాలదు. చివరకు ఒకనాడు మేస్త్రీ వచ్చి చూసి పెద్ద అంకె చెబుతాడు. ఆ అంకెకు భయపడి కుటుంబం ‘ప్రొమోటర్’ను పిలుస్తుంది. కట్టడాల వ్యాపారిని కోల్‌కతాలో ఆ పేరుతోనే వ్యవహరిస్తారు. నిజంగా కూలిపోయే స్థితికి వచ్చిన ఇంటిని వదులుకోవడంలో తప్పులేదు. కాని కేవలం ఆ అంకెకు జడిసి అమ్ముడుపోయే ఇళ్లూ ఉన్నాయి. అనేక పర్యాయాలు ఆ అంకె అనవసరమైన పనికి వేసిన అంకె. నష్టపోయేది గోడలు మాత్రమే కాదు. ఒక కుటుంబం నగరం నడిబొడ్డున తనకున్న చోటును కోల్పోతుంది.

సున్నపు ఇంటికి సున్నపు మందు

భారతదేశంలో సిమెంటు ఉత్పత్తి స్థిరంగా సాగనారంభించినది 1914లో, పోర్‌బందర్‌లో. అంతకు పూర్వపు ఇళ్లన్నీ, ఆ తరువాత కట్టిన ఇళ్లలోనూ ఎన్నో, సున్నంతో కట్టినవే. బెంగాల్‌లో సున్నంలో ఇటుకపొడి కలిపేవారు. దానినే సుర్కీ అంటారు. 18వ శతాబ్దిలో కలకత్తాకు సున్నం ప్రధానంగా సిల్హెట్ ప్రాంతంనుంచి పడవలలో వచ్చేది. మన పెద్దలు గానుగలో డంగు సున్నం ఆడించి, కరక్కాయ, బెల్లపు నీళ్లు చేర్చి మిద్దెలు వేసినట్లే అక్కడివారు కూడా సున్నంలో బెల్లపు మడ్డి కలిపేవారు.

సున్నపు గోడకు ఒక గుణం ఉన్నది. అది శ్వాసిస్తుంది. నేలలోని చెమ్మ ఇటుకలగుండా పైకి ప్రాకితే, సున్నపు పూతలోని సన్నని రంధ్రాలగుండా ఆవిరై వెలుపలికి పోతుంది. ఇటువంటి గోడకు సిమెంటు పూత పూస్తే ఏమవుతుంది? చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది గోడలోపలే ఇంకా పైకి ఎగబ్రాకుతుంది. నిన్నటివరకు మోకాటి ఎత్తున ఉన్న తడిమరక మరుసటి సంవత్సరానికి నడుము ఎత్తుకు వస్తుంది. దానితోపాటు వచ్చిన ఉప్పు పూతను పెళ్లలు పెళ్లలుగా ఊడగొడుతుంది. బెంగాలీలు దీనిని ‘నోనా’ పట్టడం అంటారు. గోడలో దాగిన చెమ్మ చివరకు దూలాల కొనలను చేరి వాటిని కుళ్లబెడుతుంది. బాగుచేయాలనే తొందరలో, డబ్బు పోసి మరీ ఇంటికి జబ్బు తెచ్చిపెట్టడమంటే ఇదే.

కనుక మొదటి సూత్రం: సున్నంతో కట్టిన ఇంటికి సున్నమే వాడండి. పాత పూత గీకి, గోడను తడిపి, ఒక పాలు సున్నపు ముద్దకు రెండు మూడు పాళ్లు సుర్కీ, ఇసుక కలిపి పలుచని పొరలుగా పూయాలి. ఒక్కొక్క పొర 10, 12 మిల్లీమీటర్లకు మించరాదు. ఎండ తగలకుండా గోనెపట్టా కట్టి, కొన్నాళ్లు తడి ఆరనీయకుండా చూడాలి. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని. ఆ పని నెమ్మదిగా సాగుతుంది. తొందరపడేవారికి సున్నం లొంగదు.

ఒక హెచ్చరిక: తడి సున్నం చర్మాన్ని తినివేస్తుంది, కంటిలో పడితే చూపుకే ప్రమాదం. చేతులకు రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. పొరపాటున కంటిలో పడితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి.

ముందు ఒక వానాకాలం చూడండి

పాత ఇల్లు చేతికి రాగానే పార పట్టుకోవద్దు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఏ గోడ ఎప్పుడు తడుస్తున్నది, నీరు ఎక్కడ నిలుస్తున్నది, ఏ గొట్టం పొంగుతున్నది, తేదీ వేసి వ్రాసుకోండి. గోడ పగుళ్లపై అడ్డంగా చిన్న గాజుముక్కను రెండువైపులా గట్టిగా అతికించి, ప్రక్కన తేదీ వేయండి. సంవత్సరం తరువాత గాజు చెక్కుచెదరకుండా ఉంటే అది పాతబడిన పగులు, పూడ్చుకోవచ్చు. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నది. అది మీరు చేయదగిన పని కాదు, ఇంజనీరుకు చూపించాలి.

దుర్గాపూజ దాటి, పొడి గాలి మొదలైన తరువాత పని ప్రారంభించండి. చేతిలోని డబ్బును ఈ క్రమంలో ఖర్చుచేయండి: ముందు నీటికి, తరువాత బలానికి, ఆ తరువాత విద్యుత్తు భద్రతకు, చిట్టచివర అందానికి. మనలో చాలామంది ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తారు. ముందు గదికి రంగు వేస్తారు, మరుసటి వానకు ఆ రంగు ఉబ్బి ఊడిపోతుంది.

నీటి పనులలో ఎక్కువభాగం చౌక. డాబా మీది తూములలో ఆకులు తీయడం, చిట్లిన వాన గొట్టాన్ని మార్చడం, గోడ మొదట్లో నీరు నిలువకుండా వాలు చేయడం – వీటికి కావలసినది కొద్ది డబ్బు, ఒకటి రెండు ఆదివారాలు. తరువాత రావి, మర్రి మొక్కలు. పిట్టల రెట్టలలోని విత్తనాలు గోడ సందులలో పడి మొలకెత్తుతాయి. రెండు ఆకుల వయసులో వాటిని గోటితో తీసివేయవచ్చు. పదేళ్లు వదిలితే వేరు గోడను చీలుస్తుంది. అప్పుడు బలంగా లాగితే గోడే ఊడివస్తుంది. ముదిరిన మొక్కను కోసి, వేరును కొద్దికొద్దిగా చంపి, ఆ సందును సున్నంతో పూడ్చాలి.

కప్పు మీద బరువు పెంచకండి

పాత కలకత్తా ఇంటి కప్పును ‘కడి-బర్గా’ అంటారు. కడి అంటే దూలం, బర్గా అంటే దానిపై పరచిన దంతె. దంతెల మీద పలుచని ఇటుక పెంకులు, వాటిపైన ఇటుకజల్లి, సుర్కీ, సున్నం 7:2:2 పాళ్లలో కలిపి రోజుల తరబడి కొయ్యలతో కొట్టి పరచిన పొర. దాని పేరు ‘జల్‌ఛాద్’. మన మద్రాసు మిద్దెకు దగ్గరి చుట్టమే ఇది.

ఈ కప్పు కారినప్పుడు చాలామంది పాతదాని మీదనే సిమెంటు పొర పోయిస్తారు. 5 సెంటీమీటర్ల మందాన సిమెంటు కాంక్రీటు పోస్తే చదరపు మీటరుకు సుమారు 120 కిలోల బరువు. 20 చదరపు మీటర్ల గదిపైన అది 2,400 కిలోలు. నూరేళ్ల దూలం తలపై ఇంత బరువు ఎత్తి, అది వంగిందని దానినే నిందించడం న్యాయం కాదు. క్రొత్త పొర వేయదలిస్తే చెడిన పాత పొరను ముందు తీసివేయాలి. మేడమీది గదులలో ఎర్ర గచ్చుపైన టైల్సు పరచడానికీ ఇదే అభ్యంతరం. ఆ గచ్చును సబ్బునీటితో కడిగి, ఆరిన తరువాత కొద్దిగా మైనం పట్టించి గుడ్డతో రుద్దితే చాలు. తాతలనాటి మెరుపు తిరిగివస్తుంది. దానికి మీ మోచేతులు తప్ప వేరే ఖర్చు లేదు.

దూలం ఆరోగ్యం తెలిసేది దాని కొనల వద్ద, అది గోడలోనికి దిగినచోట. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. గట్టిగా ఎదురిస్తే భయం లేదు. మెత్తగా దిగితే కొన కుళ్లినది, లేదా చెద పట్టినది. దూలం మార్చడం, పునాది, విద్యుత్తు తీగలు – ఈ మూడింటిలో పొదుపు పేరుతో సాహసం చేయరాదు. 2019 ఆగస్టు 31న బౌబజార్‌లో మెట్రో సొరంగంలోకి నీరు చొరబడి నేల కుంగినప్పుడు, దుర్గా పిథూరీ లేన్ ప్రాంతంలో పాత ఇళ్లు కూలిపోయాయి, వందలమంది ఉన్నపళంగా ఇళ్లు వదలవలసివచ్చింది. అది ఇంటివారి తప్పు కాదు. కాని ఆ నేల ఎంత మెత్తనిదో అందరికీ తెలియజెప్పిన సంఘటన. ఇల్లు మీదే అయినా, కొన్ని నిర్ణయాలు నిపుణునివే. మీ చేతులతో చేసుకొని మిగిల్చిన డబ్బు ఖర్చుచేయవలసినది సరిగ్గా ఇక్కడ.

మీ చేతులు చేయగల పనులు

కిటికీల సంగతి తీసుకోండి. ‘ఖడ్‌ఖడి’ అని పిలిచే పట్టీల కిటికీ రెక్కలు ఎండను ఆపి గాలిని రానిస్తాయి. వాటిలో నాలుగు పట్టీలు విరిగితే రెక్కంతా పారవేయనక్కరలేదు. ఒక్కొక్క పట్టీ చిన్న ములికులపై తిరుగుతుంది. విరిగిన వాటినే మార్చవచ్చు. కూల్చిన ఇళ్లనుంచి వచ్చే పాత టేకు కొనితెచ్చి కోయించుకుంటే క్రొత్త కలపకంటె మన్నిక. కేరళలో లారీ బేకర్ జీవితమంతా బోధించినది ఇదే: ఒక ఇంటి శిథిలం మరొక ఇంటికి పెట్టుబడి. పాత రంగు గీకేటప్పుడు మాత్రం పొడిగా రుద్దవద్దు. వెనుకటి రంగులలో సీసం ఉండేది. ఆ ధూళి పిల్లలకు విషం. తడిపి గీకి, ఆ చెత్తను మూటకట్టి దూరంగా పారవేయాలి.

గోడలకు వెల్ల వేయడం మరీ సులభం. సున్నాన్ని నీటిలో నానబెట్టి, వడగట్టి, పాలవలె పలుచగా చేసి, తడిపిన గోడపై మూడు నాలుగు పూతలు వేయాలి. సంక్రాంతికి ఇల్లు తెల్లబరచిన చేతులకు ఇది నేర్పనక్కరలేదు.

పని మొదలుపెట్టే ముందు రెండు కాగితాల సంగతి చూసుకోవాలి. మొదటిది నగరపాలక సంస్థ వారసత్వ కట్టడాల పట్టిక. అందులో ఒకటవ శ్రేణి, రెండు-ఎ, రెండు-బి, మూడవ శ్రేణి అని విభాగాలున్నాయి. మీ ఇల్లు అందులో ఉంటే అనుమతి లేకుండా వెలుపలి రూపాన్ని ముట్టరాదు. రెండవది హక్కుదారులందరూ సంతకాలు చేసిన ఒప్పందం. డాబాకు, తూములకు, మెట్లకు ప్రతి కుటుంబం నెలకు కొంత చొప్పున ఒక ఉమ్మడి ఖాతాలో వేయాలని అందులో వ్రాసుకోండి. మొత్తం ఎంత చిన్నదైనా సరే, అది తప్పకుండా పడడం ముఖ్యం. అందరిదీ అయిన డాబాకు అప్పుడు ఒక యజమాని దొరుకుతాడు.

స్వామి వివేకానందుడు జన్మించిన ఇల్లు ఉత్తర కోల్‌కతాలో చాలాకాలం శిథిలావస్థలో ఉండేది. రామకృష్ణ మిషన్ పూనుకొని పునరుద్ధరించి 2004లో ప్రజలకు తెరిచింది. ప్రతి ఇంటికీ అటువంటి సంస్థ అండ దొరకదు. కాని ప్రతి ఇంటికీ ఆదివారాలు ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు డాబా ఎక్కి చూసే మనిషి ఒకరుంటే, తూము మూసుకున్నది ముందే తెలుస్తుంది, మొక్క మొలకగానే పోతుంది, దూలం కొన తడవదు. పెద్ద మరమ్మతు అవసరమే రాకుండా చేసే చిన్న మరమ్మతే అన్నిటికంటె చౌకైనది. మన ఇంటిని మనకు అందించినవారు చేసినది కూడా అంతకంటె ఎక్కువేమీ కాదు.