కుందేలు కరిచేది కోపంతో కాదు

మన సరిహద్దు గ్రామాలలో ఒకే జంతువును తలా ఒక పేరుతో పిలుస్తారు. మనకు కుందేలు, కన్నడిగులకు మొల, తమిళులకు ముయల్, మరాఠీవారికి ససా. పేరు ఏదైనా స్వభావం ఒక్కటే. ఆ స్వభావం తెలియకనే, పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న తెల్లకుందేలు కొన్ని నెలల తరువాత చేయి కరవగానే "దీనికి పొగరెక్కింది" అని పెద్దలు దానిని వదిలించుకుంటున్నారు.

కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని కళ్ళు తలకు ఇరువైపులా ఉండుటచేత దాదాపు చుట్టూ ఉన్నదంతా కనబడుతుంది. పైనుండి దిగివచ్చే చేయి దానికి గద్దను తలపిస్తుంది. చెవులు వీపుకు ఆనించి నేలకు అతుక్కొనుట, కళ్ళు పెద్దవి చేయుట, వెనుక కాలితో నేలను దబ్బున తట్టుట భయానికి గుర్తులు. వెల్లకిలా పట్టుకొన్నప్పుడు అది కదలకుండా ఉంటే మాలిమి అయిందని పిల్లలు భ్రమపడతారు. అదీ భయమే.

నాలుగైదు నెలల వయస్సు వచ్చేసరికి తన గూడు తనదే అన్న పట్టుదల మొదలవుతుంది. గడ్డం కింది గ్రంథి వాసనను వస్తువులకు రుద్ది హద్దులు గుర్తుపెట్టుకొంటుంది. గూటిలోకి చేయి పెడితే గుర్రుమంటుంది, ముందుకాళ్ళతో కొడుతుంది. ఆడకుందేళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. రెండు మగవాటిని ఒకేచోట ఉంచితే తీవ్రంగా గాయపరచుకొంటాయి.

కావున కొన్ని జాగ్రత్తలు పాటించాలి. గూడు శుభ్రం చేసేముందు కుందేలును దానంతట అది బయటికి రానివ్వాలి. లోపల దాగుకొనుటకు రెండు ద్వారాలున్న అట్టపెట్టె ఉంచాలి. పిల్లలు నేలపై కూర్చొని, పక్కనుండి కొత్తిమీర రెమ్మ అందిస్తూ, అది దగ్గరకు వచ్చేవరకు కొన్నాళ్ళు ఓపిక పట్టాలి. చెవులు పట్టి ఎత్తరాదు. ఒక చేయి రొమ్ము కింద, మరొకటి వెనుక భాగం కింద ఉంచి ఎత్తాలి. ఆధారం లేక తన్నుకొంటే వెన్నెముక విరగవచ్చు. కొత్త కుందేలును తెస్తే కొన్నిరోజులు పక్కపక్క గూళ్ళలో వేరుగా ఉంచాలి. కొట్టుట, అరచుట భయాన్ని పెంచుతాయే కాని తగ్గించవు.

సాధువుగా ఉన్నది హఠాత్తుగా కరవసాగితే నొప్పి ఉందేమో చూడాలి. ఒక పూట మేత ముట్టకపోయినా పశువైద్యునికి చూపించాలి. పిల్లవాణ్ణి కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు వద్దకు తీసుకువెళ్ళాలి.

పొలాలలో దొరికే చెవులపిల్లిని మాత్రం ఇంటికి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. పైగా అడవి జాతి భయం మాలిమితో పోయేది కాదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవారు మనలో ఎందరో! పొగరు అని తీర్పు చెప్పేముందు ఆ నాలుగో కాలు నేలను తట్టి ఏమి చెబుతున్నదో వినాలి. ఆ వినడం పిల్లలకు అలవడితే, నోరులేని జీవి బాధను గ్రహించే మనస్సు కూడా వారికి అలవడుతుంది.