థారు ఎడారి: అచటి చెట్లు, జంతువులు, భూమి పూర్వకథ

వాన తక్కువగా పడు సీమల రైతులు తమ చేలను చూచుకొని "మాది ఎడారి" అని వాపోవుట మనము తరచుగా వినుచున్న మాటయే. అసలు ఎడారి యెట్లుండును, అందు ఏమి బ్రదుకును, ఎట్లు బ్రదుకును అను సంగతి తెలిసికొన్నయెడల మన మెట్ట భూములను గూర్చిన అభిప్రాయము కొంత మారును. కావున మన దేశమునకు పడమటి అంచున నున్న థారు ఎడారిని గూర్చి మేము తెలిసికొన్న సంగతులను సభ్యులకు విన్నవించుచున్నాము.

ఈ ఎడారి రాజస్థానముయొక్క పడమటి భాగమును, గుజరాతు, పంజాబు, హర్యానాలలో కొంత మేరను, పాకిస్థానమునందలి సింధు, పంజాబుల తూర్పు భాగములను ఆక్రమించి సుమారు 77,000 చదరపు మైళ్లు వ్యాపించి యున్నది. ఆరావళి కొండల చేరువ సాలునకు 20 అంగుళముల వరకు వాన పడును. పడమటికి పోయినకొలది అది తగ్గుచు జైసల్మేరునకు ఆవల 4 అంగుళములకు దిగును. వానకు మొగము వాచిన మన అనంతపురము సీమలో 22 అంగుళములు పడునని జ్ఞాపకముంచుకొన్న ఈ లెక్కయొక్క అర్థము తెలియగలదు. ఆ కొద్దిపాటి వానయు జూలై మొదలు సెప్టెంబరు లోపల కొన్ని దినములలోనే కురిసిపోవును. వేసవిలో ఎండ 48 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు 50 డిగ్రీల వరకు కాయును. ఇట్టిదైనను, ప్రపంచమునందలి ఎడారులలో జనులు మిక్కిలి దట్టముగా కాపురమున్నది ఇందే. అచటి రైతులు సజ్జ, గోరుచిక్కుడు, మోఠ్ అను చిన్న పప్పుధాన్యము పండించుకొనుచు, ఆవులను, గొర్రెలను, మేకలను, ఒంటెలను మేపుకొనుచు జీవించుచున్నారు.

పూర్వము ఈ భూమి యెట్లుండెను?

ఇప్పుడు ఇసుక మేటలు గల ఈ సీమ ఎల్లప్పుడును ఇట్లే యుండలేదు. జైసల్మేరునకు పది మైళ్ల దూరమున అకాల్ అను చోట రాయిగా మారిన పెద్ద చెట్ల మ్రాకులు నేలపై పడియున్నవి. అవి సుమారు 18 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కూలిన మ్రాకులు బురదలోను ఇసుకలోను పూడి, కఱ్ఱయందలి కణములలోనికి ఖనిజములు గల నీరు మెల్లగా ఊరి, కాలక్రమమున కఱ్ఱ స్థానమున రాయి నిలిచినది. పెద్ద మ్రాకులు పెరిగిన చోట నీరు సమృద్ధిగా నుండెననుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

తరువాత సముద్రము వచ్చి ఆ నేలను ముంచినది. జైసల్మేరు కోటను కట్టిన పసుపుపచ్చని రాయి ఆ సముద్రపు కాలమునకు చెందిన పొరలనుండి తీసినదే. అట్టి రాళ్లయందు నత్తగుల్లల, ఆలిచిప్పల గుర్తులు నేటికిని కానవచ్చును. ఆ సీమయందే దొరకిన యెముకలను పరిశీలించి, 16 కోట్ల 70 లక్షల సంవత్సరముల క్రిందట మొక్కలను మేసి బ్రదికిన పొడుగు మెడ గల రాక్షసిబల్లి యొకటి యుండెనని 2023వ సంవత్సరమున పండితులు ప్రకటించి, దానికి థారోసారస్ అని పేరిడిరి. ఈ విషయమున మన తెలుగుదేశమునకును సంబంధము కలదు. ఆదిలాబాదు ప్రాంతమందలి యామన్‌పల్లి యొద్ద దొరకిన కోటసారస్ అనునదియు పొడుగు మెడల రాక్షసిబల్లులలో అంతకంటె ప్రాచీనమైన జాతియే. దాని యస్థిపంజరమును హైదరాబాదు బిర్లా వైజ్ఞానిక ప్రదర్శనశాలయందు నిలిపియున్నారు.

అటుపిమ్మట సుమారు అయిదున్నర కోట్ల సంవత్సరముల క్రిందట బాడ్మేరు ప్రాంతము చిత్తడి యడవులతో నిండియుండెను. ఆ యడవుల చెట్టు చేమలే భూమిలో పూడి లిగ్నైటు అను నేలబొగ్గుగా మారినవి. నేడు నీటిబొట్టుకై వెదకు చోట త్రవ్వి తీయు బొగ్గు, ఒకనాటి వానల ఫలమే యన్నమాట.

మనుష్యులు వచ్చిన తరువాతి కథ రైతులమైన మనకు మరింత దగ్గరిది. బికనేరు చెంతనున్న లూణకరణసర్ సరస్సు అడుగుమట్టిని శాస్త్రజ్ఞులు పొరలు పొరలుగా తీసి చూడగా, అది సుమారు 5,000 సంవత్సరముల క్రిందటి వరకు నీటితో నుండి, పిమ్మట ఎండిపోయినదని తేలినది. ఘగ్గరు నది యొడ్డున కాలీబంగన్ అను దిబ్బను 1960 మొదలు కొన్ని సంవత్సరములు త్రవ్వగా, క్రీస్తుపూర్వము 2800 ప్రాంతపు దున్నిన చేను బయటపడినది. ప్రపంచమున దొరకిన ప్రాచీనమైన దున్నిన చేలలో అది యొకటి. అందు ఒక దిక్కున సాళ్లు అడుగు దూరమునను, వానికి అడ్డముగా ఆరడుగులకు మించిన దూరమునను తోలబడి యున్నవి. త్రవ్వకము జరిగిన నాటికిని ఆ ప్రక్క పల్లెల రైతులు అట్లే దున్ని, దగ్గర సాళ్లలో శనగయు, దూరపు సాళ్లలో ఆవాలును చల్లుచుండిరి. మన మిశ్రమపు పైరు ఎంత పాతదో చూడుడు. వానలు మారినవి, నది యింకినది. సాలు మాత్రము నిలిచినది.

నీటిని పొదుపుచేయు చెట్లు

ఎడారియందలి చెట్లు నీటికొఱకు మూడు ఉపాయములు పన్నుచున్నవి. మొదటిది లోతుగా వేరు దించుట; రెండవది ఆకును తగ్గించుకొనుట; మూడవది వాన వచ్చిన నాలుగు వారములలోనే మొలచి, పూచి, విత్తు రాల్చి చచ్చుట. ఆ విత్తనములు మరల మంచి వాన వచ్చువరకు ఇసుకలో వేచియుండును.

రెండవ ఉపాయమునకు కేర్ అను పొద మంచి యుదాహరణము. సంస్కృతమున దీనిని కరీరమందురు. లేత చిగుళ్లయందు తప్ప దీనికి ఆకులు కానరావు. పచ్చని కొమ్మలే ఆకుల పని చేయును. దీని కాయలను ఊరబెట్టి కూరగా వండుకొందురు. ఇసుక దిబ్బలపై పెరుగు ఫోగ్ అను పొదయు ఇట్టిదే. దాని వేళ్లు ఇసుకను పట్టియుంచును. దానిని పెరికి వంటచెఱకుగా అమ్మిన చోట దిబ్బలు కదలి చేలమీదికి వచ్చినవి. సేవణ్ అను గడ్డి ఒకసారి నాటుకొన్న పెక్కు సంవత్సరములు బ్రదికి, కొద్ది వానకే చిగిర్చి పశువులకు మేలైన మేతయగును.

మొదటి ఉపాయమునకు రాజువంటిది ఖేజడీ చెట్టు. ఇది మనకు క్రొత్తది కాదు. దసరానాడు మనము పూజించి, ఆకును బంగారమని పంచుకొను జమ్మిచెట్టే ఇది. తెలంగాణమునకును రాజస్థానమునకును ఇదియే రాష్ట్రవృక్షము. దీని తల్లివేరు అరువది యడుగులకు మించి లోతునకు దిగుట కలదు. కనుక పైనేలలోని తేమకై ఇది సజ్జతో పోటీపడదు. ఆకులు మిక్కిలి చిన్నవి యగుటచే నీడ పలుచన. పప్పుజాతి చెట్టగుటచేతను, ఆకు రాలుటచేతను క్రింది మన్ను బలపడును. అందుచే అచటి రైతులు చేని నడుమ జమ్మిని నరకక వదలి, దాని చుట్టును సజ్జ విత్తుదురు. చెట్టు క్రింది సజ్జ తక్కిన చేనికంటె బాగుగా నుండును. చలికాలమున కొమ్మలు కొట్టి, ఎండిన ఆకును మేకలకును ఒంటెలకును వేయుదురు. లేత కాయలను సాంగ్రీ యని కూర వండుదురు. 1899–1900 సంవత్సరముల ఘోర క్షామమున జనులు దీని బెరడును పొడిచేసి పిండిలో కలిపి తిని ప్రాణములు నిలుపుకొనిరి.

ఈ చెట్టుకొఱకు ప్రాణములిచ్చినవారును కలరు. 1730వ సంవత్సరమున జోధపురమునకు చేరువనున్న ఖేజడ్లీ గ్రామమున, సున్నము కాల్చుటకై చెట్లను నరక వచ్చిన రాజభటులను బిష్ణోయీలు అడ్డగించిరి. అమృతాదేవి యను గృహిణి మొదట చెట్టును కౌగిలించుకొని ప్రాణము విడిచినది. ఆమెతో కలిపి 363 మంది చనిపోయిరి. చెట్టు పోయిన చేను నిలువదని వారు పెద్దలనుండి నేర్చియుండిరి.

జంతువులు

అచటి జంతువుల నేర్పును ఇట్టిదే. ఒంటె మూపున నుండునది నీరని కొందఱు తలంతురు. అది క్రొవ్వు మాత్రమే. పగటివేళ ఒంటె శరీరపు వేడి 34 మొదలు 41 డిగ్రీల వరకు పెరుగుటకు ఓర్చుకొనును. అందుచే చెమటరూపమున నీరు పోగొట్టుకొనదు. నీరు దొరకినప్పుడు పది పదునైదు నిమిషములలో నూరు లీటర్లు త్రాగగలదు. చింకారా యను చిన్న జింక ఆకులలోని తేమతోను మంచుతోను చాల దినములు గడుపును. సాండా యను ముండ్లతోక ఉడుము జాతి జీవి గడ్డిని మేసి, బొరియనోటిని మట్టితో మూసికొని లోపల దాగును. ఎడారి యెలుకలు పగలంతయు నేలలోపలి చల్లదనమున గడపి రాత్రి బయటికి వచ్చును. పొలముకోడి వలె నుండు ఇసుక కౌజులలో మగపక్షి దూరపు గుంటకు పోయి, పొట్ట ఈకలను నీటిలో తడిపి, ఆ తేమను మోసికొనివచ్చి పిల్లలకు త్రాగించును.

అన్నిటికంటె ఘనమైనది బట్టమేక పక్షి. మగది పదునైదు కిలోగ్రాముల వరకు తూగును. మిడతలను, పురుగులను, గింజలను తినును. సాధారణముగా సాలునకు ఒకే గ్రుడ్డు, అదియు వట్టి నేలమీద పెట్టును. ఒకప్పుడు మన కర్నూలు సీమ మెట్టలయందును ఇది తిరుగుచుండెను. దానికొఱకే 1988లో రోళ్లపాడు నందు అభయారణ్యము నేర్పరచిరి. ఇప్పుడు దేశమంతటను మిగిలినవి సుమారు 150. వానిలో పెక్కు జైసల్మేరు ప్రాంతముననే యున్నవి.

నేటి యాపద

ఇన్ని వేల యేండ్లు కరవులకు ఓర్చిన ఈ జీవులు నేడు కరవుచేత గాక, నేల వాడుక మారుటచేత తగ్గుచున్నవి. 1958లో మొదలిడిన కాలువ పెక్కు గ్రామములకు త్రాగునీరును, పైరులును ఇచ్చినది. అది గొప్ప మేలే. అయినను నేలక్రింద గట్టి జిప్సము పొర యున్నచోట్ల నీరు దిగక నిలిచి, ఉప్పు పైకి వచ్చి, మంచి చేలు చౌడుబారినవి. సేవణ్ బీళ్లను ట్రాక్టర్లతో దున్నుటచే మేతయు, బట్టమేకల గూళ్లును పోయినవి. ఆ పక్షికి ఎదురుగా నున్న వస్తువు సరిగా కానరాదు. విద్యుత్తు తీగలకు తగిలి చచ్చుచున్నది. 2021లో సుప్రీముకోర్టు తీగలను నేలలో వేయవలెనని యాజ్ఞాపించి, 2024లో దానిని సడలించి నిపుణుల సంఘమునకు అప్పగించినది. ఆ సంవత్సరముననే జైసల్మేరు కేంద్రమున, మన పశువులకు చేయు కృత్రిమ గర్భధారణ పద్ధతినే అవలంబించి, మొదటి పిల్లను పుట్టించిరి. ఒంటెలును మన దేశమున 2012లో నాలుగు లక్షలుండగా 2019 నాటికి రెండున్నర లక్షలకు దిగినవి.

సర్కారు తుమ్మ కథయు ఇందు చేరినదే. దక్షిణామెరికా, మెక్సికో ప్రాంతముల ఈ చెట్టును వంటచెఱకునకై 19వ శతాబ్దము చివర మన కడప జిల్లాలోను నాటిరి. జోధపురపు సంస్థానమువారు 1940లో దీనికి రాజవృక్షమను గౌరవమిచ్చిరి. ఇది జమ్మికి దాయాదియే. గుణము మాత్రము వేరు. తన క్రింద గడ్డిని మొలవనీయక, బీళ్లను ముండ్లపొదలుగా మార్చినది. జమ్మిచెట్లు కూడ భూగర్భజలము తగ్గుటచేతను, ప్రతి సాలును మితిమీరి కొమ్మలు కొట్టుటచేతను, వేరుపురుగు, వేరుకుళ్లు తెగుళ్లచేతను చాలచోట్ల ఎండుచున్నవి.

మనము గ్రహింపవలసినది

అచటి పల్లెలలో ఓరణ్ అను ఉమ్మడి బీళ్లు కలవు. దేవుని పేర విడిచిన ఆ నేలలో గొడ్డలి పెట్టరాదు. పశువులు మాత్రము మేయవచ్చును. ఓరణ్ నిలిచిన యూర కరవునాడును మేత మిగులును. ఇది ఒక్కరు పాటించి ప్రయోజనము లేదు, ఊరంతయు పాటింపవలెను. సహకార సంఘపు సభ్యులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కావున మెట్ట రైతులకు మా మనవి ఇది. చేనిలోను గట్టుమీదను తానై మొలచిన జమ్మి మొక్కను కలుపని పీకకుడు. మొదటి రెండు మూడేండ్లు మేకల నోట పడకుండ ముండ్లకంప కట్టుడు. పెరిగిన చెట్టు కొమ్మలను ఒక్కసారిగా మోడుచేయక మూడవ వంతైన విడిచి కొట్టుడు. గ్రామపు బీడును దున్నుటకు ముందు, కరవు సంవత్సరమున పశువులు ఎచట మేయునో సంఘసభలో ఆలోచింపుడు. థారు ఎడారి తన యడవులను పోగొట్టుకొనుటకు కోట్ల యేండ్లు పట్టినది. మిగిలిన జమ్మిని, గడ్డిని పోగొట్టుకొనుటకు ఒక తరము చాలును. మన చేలకు ఇంకను 22 అంగుళముల వాన వచ్చుచున్నది. దానిని నిలుపు వేరును మనమే కాపాడుకొనవలెను.