బరువు దిగితేనే... బండి మాట వింటుంది!

బైకు మీద వందల మైళ్లు వెళ్లడం, చీకటి పడితే గుడారం వేసుకోవడం, తెల్లారగానే మళ్లీ బయల్దేరడం... కుర్రకారుకు ఇప్పుడిదో సరదా. లడఖ్ వెళ్లాలన్న కోరిక లేని బైకు ప్రియులు అరుదు. ఏమేం పట్టుకెళ్లాలో చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఏం వదిలేయాలో తెలిసినవాళ్లే హాయిగా వెళ్లి క్షేమంగా తిరిగొస్తారు.

నాలుగు జీన్సు ప్యాంట్లు, ఆరు చొక్కాలు, ఉన్ని దుప్పటి, దిండు, మడతకుర్చీ, పెద్ద టార్చిలైటు, వండుకోవడానికి గిన్నెలు, అమ్మ బలవంతంగా చేతిలో పెట్టిన ఆవకాయ సీసా... 'ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది కదా' అనుకుంటూ ఒక్కొక్కటే సంచిలోకి చేరతాయి. చూస్తుండగానే వెనక సీటు మీద చిన్న గుట్ట తయారవుతుంది. దాన్ని తాళ్లతో బిగించి బండి స్టార్టు చేస్తారు. ఊరు దాటేదాకా ఏమీ తెలియదు. సంగతంతా మొదటి ఘాట్ మలుపులోనే బయటపడుతుంది.

కారుకు నాలుగు చక్రాలు. డిక్కీలో పది కిలోలు ఎక్కువైనా అది పట్టించుకోదు. బైకు అలా కాదు. నడిపే మనిషే దాన్ని నిలబెట్టాలి, వంచాలి, ఆపాలి. అందుకే ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది.

బరువు చేసే అల్లరి

సామానంతా వెనక చక్రం ఇరుసు దాటి వేలాడితే ముందు చక్రం తేలికైపోతుంది. రోడ్డు మీద దాని పట్టు తగ్గుతుంది, హ్యాండిల్ ఊగుతున్నట్టు అనిపిస్తుంది. బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఇంకాస్త దూరం కావాలి. కట్టిన మూట ఎత్తుగా ఉంటే మలుపులో బండిని వంచడమూ కష్టమే, మళ్లీ నిలబెట్టడమూ కష్టమే. దానికి పక్కగాలి తోడైతే చెప్పక్కర్లేదు.

పడితే ఇంకో కష్టం. దూరప్రయాణాలకు ఎక్కువమంది వాడే 350 సీసీ, ఆపై బళ్లు దాదాపు 190-200 కిలోలు ఉంటాయి. దానికి మరో నలభై కిలోల సామాను కట్టి ఉంటే ఒక్కడివల్ల లేవదు. పైగా 4,300 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో అరవై శాతమే. నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వచ్చే చోట బండిని లేపడమంటే మాటలా!

బరువు పెట్టే తిప్పలు పాత కథే. 1952లో చే గువేరా, ఆయన మిత్రుడు అల్బెర్టో గ్రనాడో 500 సీసీ నార్టన్ బండి మీద దక్షిణ అమెరికా చూడటానికి బయల్దేరారు. బండికి ముద్దుగా 'బలశాలి' అనే అర్థం వచ్చేలా లా పోడెరోసా అని పేరు పెట్టుకున్నారు. దాని మీద భారీగా సామాను వేశారు. మట్టిరోడ్ల మీద పదేపదే పడ్డారు. చివరికి ఆ బలశాలి చిలీలో మూలన పడింది. మిగతా యాత్ర చాలావరకు లారీలు, పడవలు పట్టుకుని చేశారు!

ఆ దారికో లెక్క ఉంది

బైకర్లు కలలుగనే మనాలి-లేహ్ దారినే తీసుకుందాం. నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ప్రారంభమయ్యాక రోహ్తాంగ్ కనుమ ఎక్కే అవసరం తప్పింది. ఆ తర్వాత మాత్రం బారాలాచా లా, లాచులుంగ్ లా, తంగ్‌లంగ్ లా కనుమలు దాటాల్సిందే. తంగ్‌లంగ్ లా ఎత్తు 5,300 మీటర్ల పైనే.

దారిలో మంచు కరిగి రోడ్డుకు అడ్డంగా పారే వాగులు తగులుతాయి. పొద్దున్నే అయితే నీళ్లు తక్కువ. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి వాగు ఉరకలు వేస్తుంది. అడుగున గుండ్రాళ్లు. అక్కడ ముందు చక్రం చెప్పినట్టు వినాలి, తూలితే కాలు ఆనించి బండిని ఆపుకోగలగాలి. తేలికపాటి బండి గట్టెక్కినంత సులువుగా మూటల బండి గట్టెక్కదు.

మరి బరువు తగ్గించమన్నారు కదా అని పెట్రోలు క్యాను వదిలేస్తే? అక్కడే చిక్కు. టాండి బంకు దగ్గర 'తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో' అని హెచ్చరించే బోర్డు ఈ దారిలో ఎంతో ప్రసిద్ధి. 15 లీటర్ల ట్యాంకు, లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చే బండి లెక్క ప్రకారం 450 కిలోమీటర్లు వెళ్లాలి. ఎక్కుడు దారుల్లో చిన్న గేర్లలో నడిపితే ఆ లెక్క తప్పుతుంది. ఐదు లీటర్ల పెట్రోలు బరువు నాలుగు కిలోలకు లోపే. ఆ నాలుగు కిలోలు ఉండి తీరాలి. అంటే కోత మరోచోట పడాలి!

మూడు కుప్పలు పోయండి

తీసుకెళ్లాలనుకున్న సామానంతా ముందు నేల మీద పరవాలి. మూడు కుప్పలుగా విడదీయాలి. ప్రాణానికి, బండికి అవసరమైనవి ఒక కుప్ప. రోజూ వాడేవి రెండో కుప్ప. 'ఉంటే బాగుంటుంది' అనిపించేవి మూడోది. ఈ మూడో కుప్ప ఇంట్లోనే ఉండిపోవాలి.

తర్వాత తూకం. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషన్ ఉంటే చాలు. ఒకసారి ఉత్త చేతులతో, మరోసారి సంచితో ఎక్కితే తేడా తెలిసిపోతుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లు నీళ్లు, పెట్రోలుతో కలిపి ఇరవై కిలోల దగ్గర ఆపగలిగితే భేష్. గుడారం రెండున్నర కిలోలు, పడుకునే సంచి కిలోన్నర, చాప అరకిలో, బట్టలు మూడు కిలోలు, పనిముట్లు రెండున్నర, తిండి రెండు, నీళ్లు మూడు, పెట్రోలు నాలుగు... లెక్క సరిపోతుంది. బండి ఎంత బరువు మోయగలదో దాంతోపాటు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. వెనక మరో మనిషి కూడా కూర్చుంటే ఆ బరువూ కలుపుకోవాలి.

నిద్ర: ఇద్దరు పట్టే, రెండు పొరల గుడారం చాలు. కొనేముందు మడిచినప్పుడు కడ్డీలు ఎంత పొడవున్నాయో చూడాలి. పొడవెక్కువైతే సంచిలో పట్టక బయట వేలాడతాయి. స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. అందులో 'కంఫర్ట్' అన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. మిగతావి ఎలాగోలా రాత్రి గట్టెక్కడానికే. చలి పైనుంచి కంటే నేలలోంచే ఎక్కువ లాగేస్తుంది. కాబట్టి రెండో దుప్పటి కన్నా కింద పరిచే తేలికపాటి ఫోమ్ చాప మేలు. దిండెందుకు? మడతపెట్టిన స్వెట్టరే దిండు.

బట్టలు: జీన్సు తడిస్తే బరువెక్కుతుంది, త్వరగా ఆరదు. దాని బదులు తొందరగా ఆరే పల్చటి బట్టలు రెండు జతలు, వాటి మీద ఒక ఉన్ని పొర, ఆపైన గాలిని, వానను ఆపే జాకెట్టు. చలేస్తే ఒక పొర వేసుకోవడం, ఉక్కగా ఉంటే ఒకటి తీసేయడం. ఒంటి మీద ఒక జత, ఉతికి ఆరేసింది మరో జత. పది రోజుల యాత్రకైనా ఈ పద్ధతి సరిపోతుంది. పడుకునేటప్పుడు వేసుకునే పొడి బట్టలు, మేజోళ్లు మాత్రం పాలిథిన్ కవర్లో విడిగా దాచుకోవాలి.

వంట: ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 4,300 మీటర్ల దగ్గర దాదాపు 86 డిగ్రీలకే తెర్లిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. కుక్కరు మోసుకెళ్లడం కన్నా అటుకులు, సేమియా, నూడుల్స్ లాంటివి నయం. పల్లీ చిక్కీలు, నువ్వులుండలు ఉంటే పొయ్యితో పనేలేదు. పైగా ఈ దారిలో వేసవి సీజనులో జింగ్‌జింగ్‌బార్, భరత్‌పూర్, సర్చు, పాంగ్ లాంటి చోట్ల గుడారాల్లో ధాబాలు నడుస్తాయి. పప్పు, అన్నం, వేడి టీ దొరుకుతాయి. చాలామందికి వంట సామాను మొత్తం ఇంట్లో వదిలేయొచ్చు. అయినా పొయ్యి కావాలంటే ఒక సంగతి. మామూలు బ్యూటేన్ గ్యాసు డబ్బా సున్నా డిగ్రీల దగ్గర సరిగా వెలగదు. పొయ్యి ఏదైనా గుడారం లోపల మాత్రం వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక ఆవకాయ! వదిలేయమంటే ఏ తెలుగువాడూ వినడు. గాజు సీసా బదులు మూత గట్టిగా బిగిసే అరచేతి డబ్బాలో, రెండు కవర్లు చుట్టి తీసుకెళ్తే సరి.

బరువు కింద... మధ్యన!

తగ్గించడం ఎంత ముఖ్యమో సర్దడమూ అంతే ముఖ్యం. పనిముట్లు, నీళ్లు, పెట్రోలు లాంటి బరువైనవి సీటుకు రెండు పక్కలా వేలాడే సంచుల్లో, వీలైనంత కిందికి, ముందుకు ఉండాలి. రెండు పక్కలా బరువు సమానంగా పడాలి. స్లీపింగ్ బ్యాగు, బట్టల్లాంటి తేలికైనవి వెనక సీటు మీద అడ్డంగా కట్టాలి. వాన కోటు అన్నిటికంటే పైన ఉండాలి. వాన మొదలయ్యాక మూటంతా విప్పితే దాని ప్రయోజనమేముంది? సాగే తాళ్ల కన్నా బిగించుకునే పట్టీలు నమ్మకమైనవి. వేలాడే కొసలు చక్రంలోనో చెయిన్‌లోనో చుట్టుకోకుండా మడిచి కట్టేయాలి. సంచి పొగగొట్టానికి తగలకూడదు. బరువుకు తగ్గట్టు టైర్లలో గాలి, వెనక షాకబ్జర్లు సరిచేయించుకోవాలి. పది కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి కట్లన్నీ మళ్లీ చూసుకోవాలి.

నలుగురు కలిసి వెళ్తే బరువు పంచుకోవచ్చు. ఒకరి దగ్గర గాలి పంపు, మరొకరి దగ్గర పనిముట్లు, ఇంకొకరి దగ్గర పొయ్యి. అందరివీ ఒకే రకం బళ్లయితే క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ప్లగ్గు, ట్యూబు అందరికీ కలిపి ఒక్కో సెట్టు చాలు.

ఇక్కడ పొదుపు వద్దు

తేలిగ్గా వెళ్లడమంటే ఒట్టి చేతులతో వెళ్లడం కాదు. మంచి హెల్మెట్, చేతి తొడుగులు, చీలమండ కప్పే బూట్లు, పంక్చర్ కిట్టు, మందుల పెట్టె, తాగునీళ్లు, వెచ్చటి పొర... వీటిలో ఏదీ మూడో కుప్పలోకి వెళ్లకూడదు. బీపీ, ఉబ్బసం లాంటివాటికి రోజూ వేసుకునే మందులు రెండు చోట్ల విడివిడిగా పెట్టుకోవాలి.

కొండల్లో ఎత్తు చేసే హాని కంటికి కనిపించదు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వాంతులు, నిద్రలేమి రావచ్చు. వయసులో ఉన్నాం, జిమ్ముకెళ్తున్నాం అంటే కుదరదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే సూత్రం. దాదాపు 2,000 మీటర్ల ఎత్తున్న మనాలిలో పొద్దున బయల్దేరి, రాత్రికి 4,200 మీటర్ల పైనున్న సర్చులో గుడారం వేయడం అందుకే ప్రమాదం. కీలాంగ్‌లోనో జిస్పాలోనో ఆగి శరీరానికి సమయమివ్వాలి. లక్షణాలు ముదిరితే మాత్రలు మింగి ముందుకెళ్లడం కాదు, వెంటనే కిందికి దిగాలి. ముందుజాగ్రత్త మందులేవైనా డాక్టరు చెబితేనే వాడాలి.

ఇంట్లోవాళ్లకు వదిలి వెళ్లాల్సింది కూడా ఒకటుంది. ఏ రోజు ఏ ఊరు చేరతారో, బండి నంబరెంతో, వెంట ఎవరున్నారో రాసిన కాగితం. ఆ దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. 'సిగ్నల్ దొరకగానే చేస్తా' అన్న మాట కంటే ఆ కాగితమే అమ్మానాన్నలకు ధైర్యం.

బామ్మ చూపిన దారి

తక్కువ సామానుతో ఎంత దూరం పోవచ్చో 1955లోనే ఓ బామ్మ చూపించింది. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ 67 ఏళ్ల వయసులో అపలాచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచింది. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఆమె వెంట గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. ఇంట్లో కుట్టుకున్న ఒక గుడ్డ సంచి భుజాన వేసుకుంది. వానొస్తే కప్పుకోవడానికి స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర! లడఖ్ చలిలో ఆ సాహసం పనికిరాదు కానీ, 'ఇది లేకపోతే ఎలా' అనుకునే వస్తువుల్లో సగం లేకపోయినా గడుస్తుందని ఆమె నడక చెబుతుంది.

ముందు ఇక్కడే ఓ రాత్రి

లడఖ్‌కు ముందు మన దగ్గరే ఒక రాత్రి ప్రయోగం చేయొచ్చు. హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలున్నాయి. విశాఖ వాళ్లకు అరకు, లంబసింగి ఉన్నాయి. డిసెంబరు, జనవరిల్లో లంబసింగి చలి స్లీపింగ్ బ్యాగుకు మంచి పరీక్షే. అనుమతి ఉన్న చోటే గుడారం వేయాలి. నల్లమలలాంటి పులుల అభయారణ్యాల్లో రోడ్డు పక్కన మకాం పెట్టడం నేరం, ప్రమాదం కూడా. చెత్తంతా మూటగట్టి వెనక్కి తేవాలి.

తిరిగొచ్చాక సంచి విప్పి, వాడినవి ఒకపక్క, వాడనివి ఒకపక్క పెట్టండి. మందుల పెట్టె, పనిముట్లు, వాన కోటు వాడకపోతే అది అదృష్టం. వాటిని మళ్లీ సర్దాల్సిందే. మిగతా వాడని వస్తువులకు తర్వాతి యాత్రలో చోటు లేనట్టే.