పలక మీది దర్శనం

దర్శనాన్ని పరుగెత్తేవాడు సైతం చదవగలిగేంత స్పష్టంగా పలక మీద రాయమని దేవుడు హబక్కూకు ప్రవక్తకు ఆజ్ఞాపించాడు (హబ 2:2). పలక గురించి మన మార్కాపురంలో వేరే చెప్పాలా! ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దింది ఇక్కడి రాతి మీదే. ఇప్పటి పిల్లల చేతి పలక సెల్‌ఫోన్. అందులో వాళ్లు ఆగి చూసేది బొమ్మల కథలను. వెబ్‌కామిక్ అంటే అదే. ఒకరు కథ రాస్తారు, మరొకరు బొమ్మ గీస్తారు, వారానికి నాలుగు గళ్లు ఇంటర్నెట్‌లో పెడతారు.

గిద్దలూరు, మార్కాపురం సంఘాల యువతకు కథల కరువు లేదు. నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపే గుండ్లకమ్మలోనే, దిగువన వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకుముందు కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి కూలిపని చూపించారు. అంత గుంపును గీయడం కష్టమే. పార పట్టిన ఒక్క తల్లి చేతులు గీసినా చాలదా?

చిక్కంతా జంటపనిలోనే ఉంది. రాసేవాడు గడి నిండా మాటలు కుక్కుతాడు, బొమ్మకు ఊపిరాడదు. పేరు మాత్రం రాసినవాడిదే. మన సంఘాల్లోనూ అంతే! ప్రసంగీకుడికి, పాటగాడికి దక్కే గుర్తింపు సండేస్కూల్ గోడ మీద బొమ్మలు వేసిన అమ్మాయికి ఏదీ? దేవుడైతే గుడారపు పనికి బెసలేలును పేరుపెట్టి పిలిచి, అతనికి తోడైన అహోలీయాబు పేరూ చెప్పాడు (నిర్గమ 31:2,6). యిర్మీయా చెప్పగా రాసిన బారూకు పేరు కూడా గ్రంథంలో నిలిచింది. బొమ్మల కథ మొదలుపెట్టే ఇద్దరు స్నేహితులు మొదటి గడి గీయకముందే, కింద ఇద్దరి పేర్లూ ఎక్కడ రాయాలో అనుకోవడం మేలు.