గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై: ఎంపికలో గమనించవలసిన విషయాలు

2012వ సంవత్సరంలో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కేవర్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు, తమ ఆచార్యుడు జెఫ్రీ హింటన్‌తో కలిసి, ఛాయాచిత్రాలలోని వస్తువులను గుర్తించగల ఒక కృత్రిమ నాడీజాలాన్ని రూపొందించారు. సుమారు 12 లక్షల చిత్రాలతో దానికి శిక్షణ ఇచ్చారు. ఆ ఏటి పోటీలో దాని తప్పుల శాతం 15.3 కాగా, ద్వితీయ స్థానంలో నిలిచిన పద్ధతిది 26.2. నేటి కృత్రిమ మేధ విజృంభణకు ఈ ఫలితమే నాంది పలికిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. హింటన్‌కు 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇంతటి కార్యం ఏ మహా గణనకేంద్రంలోనో జరిగినది కాదు. క్రిజెవ్‌స్కీ తల్లిదండ్రుల ఇంట, ఆయన గదిలోని కంప్యూటరులో జరిగింది. అందులో ఉన్నవి కంప్యూటరు ఆటల కోసం తయారైన రెండు జీఫోర్స్ జీటీఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డులు. ఒక్కొక్క కార్డులో 3 గిగాబైట్ల స్మృతి మాత్రమే ఉండడం వల్ల నాడీజాలం ఒకదానిలో పట్టలేదు; దానిని రెండింటికీ పంచవలసి వచ్చింది. శిక్షణకు 5 నుండి 6 రోజులు పట్టింది.

ఈ ఉదంతంలో పెద్దగా ఎవరూ ప్రస్తావించని భాగస్వామి ఒకటున్నది. ఆ కార్డు ఒక్కొక్కటి గరిష్ఠంగా 244 వాట్ల విద్యుత్తును తీసుకొంటుంది. రెండింటికి 488 వాట్లు. ఐదున్నర రోజులు పూర్తి భారంతో నడిస్తే కార్డులకే 64 యూనిట్లు ఖర్చవుతాయి. అంతటి విద్యుత్తును రేయింబవళ్ళు అందించినది పెట్టెలో ఒక మూల ఉండే పవర్ సప్లై. అది చతికిలబడితే గణన అక్కడే ఆగిపోయేది. కంప్యూటరును మెరుగుపరచుకోదలచినవారు కార్డుల గురించి నెలల తరబడి విచారిస్తారు. పవర్ సప్లైని మాత్రం అంగడిలో మిగిలిన చిల్లరతో కొంటారు. బండి బరువు చూచి ఎద్దులను కట్టవలసినట్లే, కార్డును చూచి పవర్ సప్లైని ఎన్నుకోవాలి.

మార్కమ్‌లో పుట్టిన కార్డులు

గ్రాఫిక్స్ కార్డుల చరిత్రలో కెనడాకు గౌరవస్థానం ఉన్నది. టొరంటోకు ఉత్తరాన ఉన్న మార్కమ్ పట్టణం కేంద్రంగా ఎదిగిన ఏటీఐ సంస్థను 1985లో హాంకాంగ్ నుండి వలస వచ్చిన ఇంజనీర్లు స్థాపించారు. ఈజీఏ వండర్, మాక్ 64, రేజ్ అనే కార్డుల తరువాత 2000లో రేడియాన్ వెలువడింది. 2006లో అమెరికా సంస్థ ఏఎండీ సుమారు 540 కోట్ల డాలర్లకు ఏటీఐని కొనివేసింది. రేడియాన్ పేరు నేటికీ నిలిచి ఉన్నది. మార్కమ్‌లోని కార్యాలయమూ కొనసాగుతున్నది.

తొలినాటి కార్డులు తమకు కావలసిన కొద్దిపాటి విద్యుత్తును మదర్‌బోర్డు స్లాటు నుండే తీసుకొనేవి. 2002లో వచ్చిన రేడియాన్ 9700 ప్రోకు అది చాలలేదు. పవర్ సప్లై నుండి ప్రత్యేకంగా ఒక తీగ తగిలించవలసి వచ్చింది. తరువాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు 75 వాట్ల వరకు ఇవ్వగలదు. ఆపైన కావలసినదంతా ప్రత్యేక తీగల ద్వారా రావలసిందే. 2025లో విడుదలైన జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 5090 కార్డు ఒక్కటే 575 వాట్లు కోరుతుంది.

కార్డు ఎంపిక

మొదట విచారించవలసినది ధర కాదు, అవసరం. ఉత్తరాలు వ్రాయడానికి, తెలుగు సినిమాలు చూడడానికి, ఇండియాలోని బంధువులతో ముఖాముఖి మాట్లాడడానికి ప్రత్యేకమైన కార్డు అక్కరలేదు. చాలా ప్రాసెసర్లలో అంతర్భాగంగా ఉండే గ్రాఫిక్స్ చాలును. ఆటలు, చలనచిత్రాల కూర్పు, త్రిమితీయ నమూనాల రూపకల్పన, ఇంట్లోనే నాడీజాలాలను నడపడం వంటి పనులున్నప్పుడే కార్డు కావాలి.

అటువంటప్పుడు మూడు సంఖ్యలను చూడాలి. మొదటిది స్మృతి. టొరంటో విద్యార్థులకు అడ్డు తగిలినది వేగం కన్నా స్మృతియే అన్న సంగతి మరువరాదు. రెండవది వాట్లు. మూడవది కార్డు పొడవు. పెట్టెలో పట్టని కార్డు ఎంత గొప్పదైనా నిష్ప్రయోజనం.

కార్యాలయాలు వదిలించుకొన్న పాత కంప్యూటర్లను చవకగా కొనేవారు మరొక విషయం గమనించాలి. వాటి పవర్ సప్లైలు తరచుగా చిన్నవి. గ్రాఫిక్స్ కార్డుకు తగిలించే తీగలు ఉండకపోవచ్చు. అటువంటి వాటికి 70 వాట్లతో, స్లాటు విద్యుత్తుతోనే నడిచే ఆర్‌టీఎక్స్ 3050 కార్డు యొక్క 6 గిగాబైట్ల రకం తగినది. అది 2024లో వచ్చింది.

పవర్ సప్లై లేబులు

గోడలోని 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చడం పవర్ సప్లై పని. నేటి కంప్యూటరులో అధికభాగం 12 వోల్టుల మీదనే నడుస్తుంది. అందుచేత పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న వాట్లను కాక, లేబులులో 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లను చూడాలి. 12ను ఆంపియర్లతో గుణిస్తే అసలు శక్తి తెలుస్తుంది. పైన 500 వాట్లని వ్రాసి, లోపల 25 ఆంపియర్లే ఉంటే కార్డుకు, ప్రాసెసరుకు కలిపి దక్కేది 300 వాట్లే.

ఒక ఉదాహరణ. రేడియాన్ ఆర్‌ఎక్స్ 9070 కార్డుకు 220 వాట్లు, ప్రాసెసరుకు 120, తక్కినవాటికి 60 అనుకొంటే మొత్తం 400 వాట్లు. కాని కార్డులు లిప్తకాలంపాటు తమ సగటు కన్నా ఎంతో ఎక్కువ విద్యుత్తును లాగుతాయి. ఆ క్షణంలో బలహీనమైన పవర్ సప్లై ఆరిపోతుంది; కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోతుంది. అందుచేత 650 వాట్లది తీసుకోవడం వివేకం. తయారీదారు సిఫారసు కూడ అంతే. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ క్షణిక భారాలను తట్టుకొనే నిబంధనలను చేర్చింది.

2004లో ఆరంభమైన 80 ప్లస్ ముద్ర దక్షతను తెలుపుతుంది. 400 వాట్లు ఇవ్వడానికి 80 శాతం దక్షత గలది గోడ నుండి 500 వాట్లు తీసుకొంటే, 90 శాతం గలది 444 మాత్రమే తీసుకొంటుంది. రోజుకు 4 గంటల వాడకంలో ఏడాదికి 81 యూనిట్ల ఆదా. అయితే ఈ ముద్ర దక్షతకే గాని, భద్రతకు హామీ కాదు. భద్రతకు సీఎస్ఏ లేక సీయూఎల్ వంటి కెనడాలో గుర్తింపు గల చిహ్నం ఉండాలి. అవి లేని చవక సరుకును ఇంట్లోకి రానీయరాదు.

తీగల విషయంలో జాగ్రత్త

6 పిన్నుల తీగ 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు, కొత్తగా వచ్చిన 16 పిన్నులది 600 వాట్లకు ఉద్దేశించినవి. 600 వాట్లంటే 12 వోల్టుల వద్ద 50 ఆంపియర్లు. ఆరు పిన్నులు పంచుకొంటే ఒక్కొక్క దానిపై 8.3 ఆంపియర్లు. రెండు పిన్నులు సరిగా తాకకపోతే మిగిలిన నాలుగింటిపై 12.5 ఆంపియర్లు పడతాయి. వేడి విద్యుత్ ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, ఆ పిన్నుల వద్ద అది రెండుంబావు రెట్లవుతుంది. 2022లో ఈ కనెక్టర్లు కొన్ని కరిగిపోయిన సంఘటనలు వెలుగులోకి వచ్చాయి. తరువాతి సంవత్సరం నమూనాను సవరించారు. తీగను చివరి వరకు నొక్కి, ఖాళీ కనబడకుండా చూచుకోవాలి. కనెక్టరు మొదట్లోనే తీగను వంచరాదు.

ఒక పవర్ సప్లైతో వచ్చిన విడి తీగలను మరొక దానికి వాడరాదు. కార్డు వైపు చివర ఒకేలా ఉన్నా, పవర్ సప్లై వైపు పిన్నుల అమరిక వేరుగా ఉండవచ్చు. అప్పుడు 5 వోల్టులు వెళ్ళవలసిన చోటికి 12 వోల్టులు వెళ్ళి, డిస్కులు, వాటిలోని కుటుంబ ఛాయాచిత్రాలు ఒక్క క్షణంలో నష్టపోతాయి. పవర్ సప్లై పెట్టెను విప్పడం మరింత ప్రమాదం. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

కెనడా చలి, ఇండియా వోల్టేజి

చలికాలంలో ఫర్నేసు నడిచే ఇళ్ళలో గాలి ఎండిపోతుంది. తివాచీ మీద నడిచి తలుపు పిడిని తాకగానే చురుక్కుమనిపించే స్థిర విద్యుత్తు కొన్ని వేల వోల్టులు ఉంటుంది. కార్డులోని చిప్పులను అది పాడుచేయగలదు. కనుక తివాచీ లేని చోట పని చేస్తూ, పెట్టె లోహభాగాన్ని తరచుగా తాకుతుండాలి. మైనస్ 20 డిగ్రీల చలిలో కారులో ఉన్న కార్డును వెచ్చని ఇంట్లో విప్పితే దానిపై నీటి చెమ్మ చేరుతుంది. అట్టపెట్టె తెరవకుండా కొన్ని గంటలు ఉంచిన తరువాతే అమర్చాలి.

ఇక్కడి పడకగదులలో సాధారణంగా ఉండే 15 ఆంపియర్ల సర్క్యూటుపై నిరంతర వాడకానికి తగినది 1440 వాట్లు. 1500 వాట్ల హీటరును, పెద్ద కార్డు గల కంప్యూటరును ఒకే సర్క్యూటుపై నడిపితే బ్రేకరు పడిపోతుంది.

కంప్యూటరును ఇండియాకు పంపదలచినవారు లేబులుపై 100–240 వోల్టులని ఉన్నదేమో చూడాలి. అలా ఉంటే అక్కడి మూడు పిన్నుల ప్లగ్గు గల తీగ మార్చుకొంటే చాలును. కొన్ని పాత పవర్ సప్లైలకు వెనుక ఎర్రని స్విచ్చి ఉంటుంది. అది 115 మీద ఉండగా 230 వోల్టులకు తగిలిస్తే క్షణంలో పేలిపోతుంది. పెట్టె కట్టకముందే ఆ స్విచ్చిని 230కి మార్చి, విషయాన్ని ఒక చీటీపై తెలుగులో వ్రాసి అంటించడం మేలు.

బడ్జెటు చాలనప్పుడు కార్డును ఒక మెట్టు తగ్గించుకోవచ్చును. పవర్ సప్లైని మాత్రం తగ్గించుకోరాదు. చిన్న కార్డు పనిని నెమ్మదిగా చేస్తుంది. నాసిరకం పవర్ సప్లై కూలితే, తనతోపాటు మిగిలిన భాగాలను కూడ తీసుకొనిపోవచ్చు.